ఐదున్నర అడుగుల గౌరవం

పెద్దలకు గౌరవం ఇచ్చేముందు ఆలోచించకూడదు. ఆలోచిస్తే ఇవ్వబుద్ధి కాదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు, అనుభవం మీద అంటున్నాను. గౌరవం తుమ్ములాంటిది. దానంతటది రావాలి. వచ్చినప్పుడు తుమ్మాలా వద్దా అని తర్కిస్తూ కూర్చుంటే ముక్కు ఎర్రబడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కానీ ఈమధ్య ఎక్కడ విన్నా ఒకటే పాట. గౌరవం ఊరికే రాదట, సంపాదించుకోవాలట! టీవీలో అదే మాట, ఫోన్లో అదే మాట, చివరికి మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా అదే మాట. మా అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇది మరీ ఎక్కువైంది. వాళ్ళ ఆఫీసులో మేనేజరును పేరు పెట్టి పిలుస్తారట. ఆయన పలుకుతాడట కూడా. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఈ కొమ్ములతో మా అమ్మాయి రోజూ నా చెవులనే పొడుస్తోంది.

ఇలాంటి అభిప్రాయాలున్న వారందరికీ నాదొకటే మనవి. ఒక్కసారి మా ఇంటికి రండి. మేడ మీద నా రాతగది ఉంది. అందులోకి అడుగుపెట్టే ప్రతి మనిషీ తల వంచుతాడు. వంచమని ఎవరూ అడగరు. వంచాలా వద్దా అని ఎవరూ చర్చించరు. ఎందుకంటే ఆ గుమ్మం ఎత్తు ఐదున్నర అడుగులు. వంచనివాళ్ళకు నుదుటి మీద అక్కడికక్కడే రసీదు దొరుకుతుంది.

ఆటోమేటిక్ గౌరవం అంటే అదీ!

ఆ గుమ్మం కథ చెబుతాను. కానీ దానికి ముందు, ఆలోచించకుండా గౌరవించడం వల్ల లోకానికి ఎంత మేలు జరుగుతోందో మీకు తెలియాలి.

మా ఆఫీసులో ఒక కిటికీ ఉంది. దానికొక మేకు ఉంది. పూర్వం ఒక సూపరింటెండెంటుగారు గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయని రెక్కలు మూయించి మేకు కొట్టించారు. ఆయన రిటైరైపోయారు. ఆయన వెనకే కాగితాలు కూడా రిటైరైపోయాయి. ఇప్పుడన్నీ కంప్యూటర్లే. కంప్యూటర్లు గాలికి ఎగరవు. అయినా మేకు మాత్రం ఉద్యోగంలోనే ఉంది. ఎండాకాలమంతా మేం చెమటలు కక్కుతూ ఆ కిటికీ వైపు భక్తిగా చూస్తుంటాం. బదిలీ మీద వచ్చిన ఒక గుమస్తాగారు వచ్చిన వారంలోనే పట్టకారు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచారు. ఆయన్ని ఆపి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అది ఎవరు కొట్టించిన మేకో చెప్పాం. పాపం, సిగ్గుపడ్డారు.

తర్వాత ఆ సూపరింటెండెంటుగారే పింఛను పని మీద ఆఫీసుకు వచ్చారు. "ఇంత ఉక్కగా ఉందేమయ్యా, ఆ కిటికీ తెరవొచ్చుగా" అన్నారు. మా నిబద్ధతను పరీక్షిస్తున్నారని మాకు అర్థమైంది. అందరం చిరునవ్వు నవ్వి ఊరుకున్నాం.

ఇంట్లో సంగతి చూడండి. మా పెద్ద బావగారు ఏ కారెక్కినా డ్రైవరు పక్కనే కూర్చుంటారు. పెద్దవారు కదా! ఒకసారి అందరం కలిసి ఒక పెళ్ళికి బయల్దేరాం. ఒక కూడలి దగ్గర నా ఫోను కుడికి తిప్పమంది. బావగారు ఎడమకు తిప్పమన్నారు. ఫోను వయసు రెండేళ్ళు, బావగారి వయసు డెబ్బై. ఎవరి మాట వినాలో మీరే చెప్పండి. ఎడమకు తిరిగాం. వెళ్ళి వెళ్ళి లారీలు రిపేరు చేసే ఒక పెద్ద షెడ్డులో తేలాం. కారులో ఎవరూ కిక్కురుమనలేదు. బావగారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, "ఇదివరకు ఇక్కడ ఇది లేదే" అన్నారు. నిజమే కదా అని మేం కూడా దిగి ఆ లారీలను చూశాం. మా అక్కయ్య ఒక మెకానిక్‌ను పిలిచి, "ఎన్నాళ్ళయింది బాబూ ఇది పెట్టి?" అని కుశలం అడిగింది. మేం చేరేసరికి పెళ్ళి అయిపోయింది. అయితేనేం, మా కుటుంబంలో ఎంత ఐకమత్యం ఉందో ఆ లారీలన్నీ చూశాయి.

అదే గౌరవం సంపాదించుకోవాలనే పద్ధతి ఉండి ఉంటే? కారులోనే గొడవ. మ్యాపులు తీయడం, వేళ్ళు చూపించడం, ముఖాలు మాడ్చుకోవడం. ఇన్ని జరిగాక పెళ్ళికి వేళకు చేరుకోవడం. ఏం సుఖం?

ఆ పద్ధతే వస్తే వీధిలో నడవడం కూడా కష్టమే. ఒక పెద్దాయన ఎదురైతే నమస్కారం పెట్టేముందు ఆయన పాత చరిత్ర తిరగెయ్యాలి. నిన్న పక్కింటి వాళ్ళ మీద చాడీలు చెప్పాడా? అయితే ఒక చెయ్యి చాలు. బస్సులో సీటు కోసం పసివాళ్ళను లేపాడా? అయితే తల ఊపితే సరి. ఇవన్నీ లెక్క తేల్చేలోగా ఆయన మలుపు తిరిగి వెళ్ళిపోతాడు. ఇక చదువు చెప్పిన మాస్టర్లయితే ఏటేటా వచ్చి మన దగ్గర రెన్యువల్ చేయించుకోవాలి. పెద్దల మాట చద్దిమూట అన్నారు గానీ, మూట విప్పి వాసన చూసి పుచ్చుకోమని ఎక్కడైనా అన్నారా?

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం.

నాకు స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు మా పై వీధిలోనే ఉంటారు. ఆయన్ని అందరం స్కేలు మాస్టారు అనేవాళ్ళం, వెనకాల. ఎప్పుడూ చేతిలో చెక్క స్కేలు ఉండేది. కొట్టడానికి కాదు, కొలవడానికి. మార్జిన్లు కొలిచేవారు, బెంచీల మధ్య సందు కొలిచేవారు, నల్లబల్ల వాలు కొలిచేవారు. స్కూలు తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరులో సంతకం చేస్తే, గీత మీద లేదని మళ్ళీ చేయించారని చెప్పుకునేవాళ్ళం. నిజమో కాదో తెలీదు. ఆయనైతే చేయిస్తారు.

మేడ మీద గది వేయడానికి నేను పిలిచిన మేస్త్రీ కూడా ఆయన శిష్యుడే. మేమిద్దరం ఒకే బెంచీ. పని జరుగుతున్నంతసేపూ నన్ను 'సార్' అంటాడు, సిమెంటు చేతులు కడుక్కున్నాక 'ఒరేయ్' అంటాడు.

గోడలు నడుం దాకా లేచిన రోజుల్లో ఒక సాయంత్రం మాస్టారు నడకకు వెళుతూ మేడ మీదికి వచ్చారు. పని చూశారు. గోడ మీద చెయ్యి వేసి చూశారు. "గుమ్మం ఎంత పెడుతున్నార్రా?" అన్నారు.

"ఏడు అడుగులు మాస్టారూ" అన్నాడు మేస్త్రీ.

"ఏడెందుకురా, ఏనుగును కట్టేస్తారా? గది చిన్నది. ఆరున్నర చాలు."

మేస్త్రీ చేతిలోంచి టేపు తీసుకున్నారు. స్లాబు మీద ఆనించి, గుమ్మం కోసం నిలబెట్టిన కర్ర మీదుగా పైకి కొలిచారు. చెయ్యి అందకపోతే ఇటుకల మీద ఎక్కారు. మేస్త్రీ చెవి మీదున్న పెన్సిల్ లాక్కుని కర్ర మీద అడ్డంగా గీత గీశారు. దిగి, చేతులు దులుపుకుని, మా ఇద్దరి వైపూ చూశారు.

"సరిపోతుందా?"

"మీరు చెప్పాక ఇంకేముంది మాస్టారూ" అన్నాం ఇద్దరం. ఒకే గొంతుతో అన్నాం, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

ఆయన వెంటనే కదల్లేదు. "ఇంకేమైనా ఉందా, నాకు చెప్పాల్సింది?" అన్నారు.

"ఏమీ లేదు మాస్టారూ."

ఉంది. ఆ గదికి ఒక బాత్రూము ఉంది. అది మా ఆవిడ నిర్ణయం కాబట్టి దానికి తిరుగులేదు. బాత్రూము పైపులు స్లాబు మీదుగా పోవాలి కాబట్టి గది నేలంతా ఒక అడుగు లేపాలి. ఆ సంగతి నాకు తెలుసు, మేస్త్రీకి తెలుసు. ఆయన కొలిచింది స్లాబు మీంచి. నేల అడుగు లేస్తే గుమ్మం అడుగు తగ్గుతుంది. ఇది లెక్కల మాస్టారి శిష్యులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టారు మెట్లు దిగేదాకా ఆగి మేస్త్రీ అన్నాడు. "సార్, నేల లేపాలి కదా."

"లేపాలి."

"మరి మాస్టారితో అనలేదేం?"

"మేస్త్రీవి నువ్వు. నువ్వు అనాలి."

"ఇల్లు మీది. మీరు అనాలి."

వాడు వెళ్ళి బకెట్లో చేతులు కడుక్కుని వచ్చాడు. "ఒరేయ్, ఆయనకి ఎదురు చెప్పేంత మొనగాళ్ళమా మనం?" అన్నాడు.

"పోనీ, ఆయన వెళ్ళిపోయారుగా. ఆ గీత చెరిపేసి పైన ఇంకోటి గీస్తే?"

వాడు ఆ గీత వైపు చూశాడు. నేనూ చూశాను. గీత తిన్నగా, సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా ఉంది. "మాస్టారు గీసింది. నేను చెరపను. కావాలంటే నువ్వు చెరుపు" అన్నాడు. నేనెలా చెరుపుతాను? ఆ గీత దగ్గరే గుమ్మం బిగించారు. తర్వాత నేల లేపారు.

అలా మా ఇంటికి ఐదున్నర అడుగుల గౌరవం వచ్చింది.

దానివల్ల కలిగిన లాభాలు అన్నీ ఇన్నీ కావు. ఎవరి ముందూ తల వంచని మా పెద్ద బావగారు ఆ గుమ్మం ముందు వంచారు. ఒకసారి వంచకపోతే ఏమవుతుందో తెలిశాక రెండోసారి వంచారు. ఇన్సూరెన్సు ఏజెంటు నా గదిలోకి వచ్చేటప్పుడే తల పట్టుకుని వస్తాడు కాబట్టి పాలసీ గురించి ఎక్కువ మాట్లాడడు. మా అమ్మాయి నాకంటే పొడుగు. గౌరవం సంపాదించుకోవాలని ఉపన్యాసాలిచ్చే పిల్ల, రోజూ నా గదిలోకి నడుం వంచి వస్తోంది. తండ్రిగా నాకు ఇంకేం కావాలి?

మా ఆవిడ మాత్రం గుమ్మం పై కమ్మీకి ఒక పాత దిండు కట్టింది. చూసినవాళ్ళు అదేదో కొత్త ఫ్యాషను అనుకున్నారు. ఎదురింటివాళ్ళు తమ గుమ్మానికి కూడా కడదామని కొలతలు తీసుకెళ్ళారు.

ఇంత మంచి గుమ్మాన్ని మాస్టారికి చూపించొద్దా అంటారేమో. వద్దు! అక్కడే మా గౌరవం గొప్పతనం ఉంది. పెద్దాయన లెక్క తప్పిందని ఆయనకు తెలిస్తే మనసు కష్టపెట్టుకోరూ? అందుకని ఇంట్లో అందరం ఒక మాట అనుకున్నాం. ఆ సంగతి ఆయనతో ఎవరూ అనకూడదు. బంధువులు వచ్చి తల రుద్దుకుంటూ అడిగితే, "పాపం, మాస్టారు పెద్దవారైపోయారు, కొలత పొరపాటు పడింది. ఆయనతో మాత్రం అనకండి" అని చెప్పేవాళ్ళం. పక్కింటివాళ్ళకూ అలాగే చెప్పాం. మందుల షాపతనికీ, పాలు పోసే ఆవిడకూ అలాగే చెప్పాం. మొత్తం మీద అందరికీ చెప్పాం, ఆయనకు తప్ప. ఒక మనిషి పరువు కాపాడటానికి ఇంతమంది కలిసి పనిచేయడం మీరెక్కడైనా చూశారా?

మాస్టారు వచ్చినప్పుడల్లా హాల్లో మంచి కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళం. "గది ఎలా వచ్చిందిరా, చూస్తాను" అనేవారు. మెట్ల మీద రంగు తడిగా ఉందని ఒకసారి చెప్పాం. రంగు ఆరిపోయేంత కాలం గడిచాక మీ మోకాళ్ళకు మెట్లు మంచివి కావన్నాం. "నా మోకాళ్ళు బాగానే ఉన్నాయే" అన్నారాయన. "అయినా మంచివి కావు మాస్టారూ" అంది మా ఆవిడ. తర్వాత తాళంచెవి పోయింది. ఆ తర్వాత గదిలో పుస్తకాలు సర్దుతున్నాం. మళ్ళీ రంగు తడిసింది.

ఒకరోజు ఆయన టీ సగంలో ఉండగా కప్పు కింద పెట్టేశారు. "సరేరా, మీరంతా పనుల్లో ఉన్నట్టున్నారు" అని లేచారు. ఆ తర్వాత రావడం మానేశారు. సాయంత్రం నడకకు మా వీధిలోనే వెళ్ళేవారు గానీ అవతలి పక్క నుంచి వెళ్ళేవారు. గేటు దగ్గర నిలబడి నేను నమస్కారం పెడితే తల ఊపి సాగిపోయేవారు. ఆయన రాకపోతే సాయంత్రాలు ఎంత బోసిగా ఉంటాయో అప్పటిదాకా నాకు తెలీదు. అయినా గౌరవానికి నేను ఏ లోటూ చేయలేదు. ఆయన ఎంత దూరంలో కనిపించినా లేచి నిలబడేవాణ్ణి.

"ఆయన్ని గౌరవిస్తున్నావా నాన్నా, దాక్కుంటున్నావా?" అంది మా అమ్మాయి.

చూశారా, ఈ కాలం పిల్లలు మాట్లాడే తీరు?

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఒక సెలవురోజు పొద్దున నేను పేపరు చదువుతుంటే గేటు చప్పుడైంది. మా అమ్మాయి మాస్టారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తోంది. హాల్లో కూర్చోబెడుతుందనుకున్నాను. నేరుగా మెట్ల వైపు నడిపించింది. ఆయన మోకాళ్ళు నిజంగానే బాగున్నాయి, చకచకా ఎక్కుతున్నారు. మా ఆవిడ "అయ్యో, దిండు" అని పెరటి మెట్ల మీదుగా పైకి పరుగెత్తి, ఆయన రాకముందే దిండు పీకి చంకలో పెట్టుకుని నిలబడింది. నేను ఆయన్ని ఆపుదామని వెనక నుంచి పరుగు తీశాను.

మాస్టారు గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆగలేదు. తల వంచలేదు. నిటారుగా, దర్జాగా లోపలికి నడిచి వెళ్ళిపోయారు.

మాస్టారు పొట్టివారని మీకు చెప్పలేదు కదూ? మరిచిపోయి కాదు. గురువుగారి ఎత్తు గురించి మాట్లాడటం మర్యాద కాదని చెప్పలేదు.

"బాగుందిరా గది. గాలి కూడా..." అంటున్నారు ఆయన. అప్పుడు నా తల పై కమ్మీకి తగిలింది. దిండు లేదన్న సంగతి ఆయన్ని కాపాడే తొందరలో నాకు గుర్తులేదు. ఆ చప్పుడుకు ఆయన వెనక్కి తిరిగారు. గుమ్మం వైపు చూశారు, నా నుదురు చూశారు, మా ఆవిడ చంకలో దిండు చూశారు.

"టేపు తీసుకురా" అన్నారు.

కొలిచారు. మళ్ళీ కొలిచారు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచారు. "నేను ఆరున్నర పెట్టానురా. ఒక అడుగు ఎవరు తిన్నారు?" అన్నారు.

నేను నేల చూపులు చూస్తున్నాను. అది కూడా సమాధానమే, కానీ ఆయనకు అర్థం కాలేదు. మా అమ్మాయి బాత్రూము తలుపు తెరిచి చూపించింది. ఆయన లోపలికి వెళ్ళి, నేల మీద మడమతో కొట్టి చూసి, బయటికొచ్చారు.

"ఇది ఉందని ఆ రోజు నాకు చెప్పారా?"

"లేదు మాస్టారూ."

"నేను అడిగానా?"

"అడిగారు మాస్టారూ. రెండుసార్లు అడిగారు."

"అయితే నా లెక్క తప్పలేదు."

ఇంతకాలం ఆయన తప్పును కాపాడుతూ వచ్చిన మాకు ఇది పిడుగులాంటి వార్త! ఆయన లెక్కలో తప్పే లేదట! తప్పు మాదట! మరి మేమింత కష్టపడి దాచిందేమిటి?

ఆయన మంచం అంచున కూర్చున్నారు. "అందుకా" అన్నారు. "మందుల షాపతను మాత్రలు నా ముందు రెండేసిసార్లు లెక్కపెడుతున్నాడు. పాలావిడ చిల్లర నా చేతిలో పెట్టి వేళ్ళు మూస్తోంది. ఏమిటా అనుకుంటున్నాను. బుర్ర పనిచేయట్లేదేమోనని ఇంట్లో కూర్చుని ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నానురా, ఒక్కణ్ణీ."

చెప్పాల్సింది ఒకటుంది కదా, చెప్పాను. "మీ మీద గౌరవం కొద్దీ చెప్పలేదు మాస్టారూ."

"నీ లెక్క తప్పితే నేనేం చేసేవాణ్ణిరా స్కూల్లో?"

"ఎర్ర ఇంకుతో దిద్దేవారు."

"నీమీద గౌరవం లేక దిద్దానా? ఎవరిదైనా దిద్దకుండా వదిలేశానంటే, వాడి మీద ఆశ వదిలేసుకున్నట్టు. నామీద మీరు ఆ పని చేశారు."

ఆయన మేస్త్రీని పిలిపించారు. వాడు పరుగున వచ్చాడు, ముందే చేతులు కడుక్కుని. ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం. మాస్టారు గుమ్మం వైపు చూపించి, "చెప్పండి, దీన్ని ఇప్పుడేం చేద్దాం?" అన్నారు.

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒక్కసారే నోరు తెరిచాం.

"మీరెలా చెబితే అలా మాస్టారూ."

ఆయన టేపు మంచం మీద పడేసి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. వెళుతూ మా అమ్మాయి భుజం తట్టారు, మా వైపు చూడలేదు.

పాఠకులారా, మీరే న్యాయం చెప్పండి. మేం ఆయన్ని ఏమన్నాం? ఎదురాడామా? మాట తీసేశామా? ఏది చెబితే అది చేస్తామన్నాం. ఇంతకు మించి ఏ శిష్యుడు ఏ గురువుకు ఇవ్వగలడు? అయినా ఆయన కోపగించుకున్నారు. ఇచ్చిన గౌరవం పుచ్చుకోవడం కూడా ఒక సంస్కారమే. ఆ సంగతి ఈ కాలం పెద్దలకు ఎవరు చెబుతారు?

మేస్త్రీ మూడు రోజులు ఎక్కడా పనికి వెళ్ళలేదు. నాకు రాతగదిలో ఒక్క ముక్క రాయబుద్ధి కాలేదు. ఆ ఎక్కాల సంగతి చెవుల్లోంచి పోవడం లేదు. చివరికి ఒక సాయంత్రం నేనే ఆయన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆయన బల్ల ముందు కూర్చుని ఏదో గీస్తున్నారు. వాకిట్లోనే నిలబడి నమస్కారం పెట్టాను. తలెత్తలేదు.

దగ్గరికి వెళ్ళి చూశాను. మా గుమ్మమే. పై కమ్మీ ఎంత లేపాలో, గోడ ఎక్కడ కొట్టాలో, పైన గోడను మోసే కొత్త లింటల్ ఎక్కడ రావాలో గీస్తున్నారు. మాతో కోపమే గానీ గుమ్మంతో కోపం లేదన్నమాట. కోపం వచ్చిన మనిషి మన ఇంటి గుమ్మం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచిస్తారని నేననుకోలేదు. ఎంత చక్కగా గీశారో! బాగుందని చెప్పి, ఇంకోసారి నమస్కారం పెట్టి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడు నాకొకటి కనిపించింది. గుమ్మం పైన బయటివైపు వాన పడకుండా ఒక సన్‌షేడ్ ఉంది. గుమ్మం లేపితే కొత్త లింటల్ సరిగ్గా వెళ్ళి దానికి తగులుతుంది. బొమ్మలో సన్‌షేడ్ లేదు. ఆయన కొలిచింది లోపలివైపు నుంచే కాబట్టి దాని సంగతి ఆయనకు తట్టలేదు.

ఇంటికి పోదామనిపించింది. మేస్త్రీ చూసుకుంటాడులే అనిపించింది. కాళ్ళు గుమ్మం దాకా వెళ్ళాయి కూడా.

"మాస్టారూ" అన్నాను అక్కడి నుంచే. "మీరు సన్‌షేడ్ వదిలేశారు."

ఆయన పెన్సిల్ ఆగింది. బొమ్మ దగ్గరికి లాక్కున్నారు. చాలాసేపు చూశారు. రబ్బరు తీసుకుని ఒక గీత చెరిపారు. ఊదారు. మళ్ళీ చూశారు.

"లింటల్ లేపకుండా గుమ్మం దగ్గర నేలే కొంచెం దించితే?" అన్నారు.

"అక్కడ పైపు వెళుతోంది మాస్టారూ."

"పైపు పక్కకు తిప్పలేరా?"

"తిప్పితే నీళ్ళు నిలుస్తాయి."

"ఎందుకు నిలుస్తాయి? వాలు ఎంత ఇచ్చారు?"

"మీరు లెక్క వేసి చెప్పండి. తప్పు వేస్తే నేను ఒప్పుకోను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వచ్చింది.

మాస్టారు కళ్ళజోడు తీశారు. నా వైపు పైనుంచి కిందికి చూశారు. తర్వాత బల్ల కిందున్న స్టూలును కాలితో నా వైపు తోశారు.

"కూర్చో" అన్నారు.

స్కూలు బెంచీ వదిలాక ఆయన ఎదుట నేను కూర్చోవడం అదే మొదటిసారి. తల నెరిసిపోయింది గానీ ఆయన ముందు ఎప్పుడూ నిలబడే ఉన్నాను.

అందుకే మళ్ళీ చెబుతున్నాను, గౌరవం ఆటోమేటిక్‌గానే ఉండాలి! ఆ పద్ధతిలో నిలబడి దండం పెట్టేసి రెండు నిమిషాల్లో ఇంటికి వచ్చేయొచ్చు. సంపాదించుకునే పద్ధతిలో కూర్చోవాలి. కూర్చుంటే ఆయన మాట వినాలి. విన్నాక ఆలోచించి జవాబు చెప్పాలి. ఆ జవాబు ఆయన ఊరికే ఒప్పుకోరు, రుజువు చూపమంటారు. ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. గుమ్మం సంగతి ఇంకా తేలలేదు. మేస్త్రీ కూడా వచ్చి ఇప్పుడు మూడో పక్షం తీసుకున్నాడు. నిన్న పైపు వాలు దగ్గర ఇద్దరూ కలిసి నన్ను చిత్తుగా ఓడించారు.

ఇవాళ కాస్త ముందుగానే వెళ్ళాలి.